అమ్మమ్మగారి బొడ్లో చైనా బుడ్డి

విజయవాడ నుంచి బందరు వెళ్లే బస్సులో నేను ఏ వైపు కూర్చుంటే ఎండ ఆ వైపే వస్తుంది. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. తొంభైల చివర్లో ఒక ఆదివారం మాత్రం ఉయ్యూరు దాటేదాకా ఆ సంగతి గమనించలేదు. మా ఆవిడ అమ్మమ్మగారి దగ్గర ఒక ముక్కుపొడుం బుడ్డి ఉందనీ, దాని మీద పిట్ట బొమ్మ ఉందనీ ఆ ముందురోజే మాటల్లో తెలిసింది. పెళ్లయిన ఆరేళ్లకు!

నాకు పాతకాలపు చైనా పొడుం బుడ్లంటే కొంచెం ఇష్టం. గుప్పిట్లో ఇమిడే గాజు బుడ్డి మీద ఎనామిల్ రంగులతో బొమ్మ వేసి కొలిమిలో కాలుస్తారు. వేడి కాస్త ఎక్కువైతే బొమ్మతోపాటు బుడ్డీ కరిగిపోతుంది. అందుకే మిగిలినవి తక్కువ. అప్పటికి నా దగ్గర రెండున్నర ఉండేవి. అర అంటే మూత.

బందరులో అమ్మమ్మగారి కుశలం కాస్త త్వరగానే కనుక్కున్నాను.

"ఏవండీ, ముందు మంచినీళ్లన్నా తాగండి," అంది మా ఆవిడ.

అమ్మమ్మగారు బొడ్లోంచి బుడ్డి తీసి నా చేతిలో పెట్టారు. పాలలాంటి తెల్లగాజు. గులాబీరంగు పూలకొమ్మ, దాని మీద పసుపు పిట్ట. అడుగున నీలం రంగులో చైనా అక్షరాలు! మూత ఎప్పుడో పోయి, టానిక్ సీసా బిరడా వచ్చి చేరింది. రేవులో గుమాస్తాగా చేసిన వాళ్ల నాన్నగారికి ఎవరో ఓడవాడు ఇచ్చాడట. నేను ఊపిరి పీల్చుకోవడం వాయిదా వేశాను.

"అంత నచ్చిందా బాబూ? పొడుం వేస్తావా?"

"ఆయనా? అగరొత్తి పొగకే తుమ్ముతారు అమ్మమ్మా," అంది మా ఆవిడ.

"మరి దీన్నేం చేసుకుంటాడే?"

"శుభ్రంగా కడిగి అద్దాల బీరువాలో పెట్టుకుంటానండీ," అన్నాను.

"ఖాళీదా?"

"ఖాళీదేనండీ."

ఆవిడ మనవరాలి వంక జాలిగా చూశారు. బుడ్డి వెనక్కి తీసుకుని, చిటికెడు పొడుం పీల్చి, బిరడా బిగించారు.

"నా ముక్కు పనిచేసినన్నాళ్లూ ఇది ఖాళీ అవదు నాయనా. ఆ తర్వాత నువ్వే పట్టుకుపో."

నాకే! పసుపు పిట్ట, నీలం అక్షరాలు, అన్నీ నాకే. ఆ సంతోషంలో నాకు తోచినంత మర్యాదగా అన్నాను:

"తొందరేం లేదండీ. ఆగుతాను."

మా ఆవిడ చేతిలోని గ్లాసు కింద పెట్టింది. అమ్మమ్మగారు బుడ్డిని బొడ్లో దోపుకుని నన్ను ఎగాదిగా చూశారు.

"అంటే, నేనెప్పుడు పోతానా అని కాసుక్కూచుంటావన్నమాట."