పంపు నా దగ్గరే ఉంది

యుద్ధం రోజుల్లో సైకిలుకు కొత్త ట్యూబు దొరకడమంటే మాటలు కాదు. అందుకే తిరుపతిలో ఒక ఆటల సంఘంవాళ్లు సైకిలు పందెం పెట్టి, గెలిచినవాడికి ఒక జత టైర్లూ ట్యూబులూ ఇస్తామనగానే ఇరవైమందికి పైగా పేర్లిచ్చారు. పందెం రోడ్డుమీద కాదు. చంద్రగిరి దగ్గర మొదలుపెట్టి, స్వర్ణముఖి ఇసుక దాటి, చెరకుతోటల మధ్య గట్లు పట్టుకుని తిరుపతి చేరాలి. తొక్కగలిగినంతమేర తొక్కాలి, తొక్కలేనిచోట సైకిలును భుజాన వేసుకుని నడవాలి. సైకిలు వదిలేసి వచ్చినవాడు లెక్కలోకి రాడు.

నేనూ నా స్నేహితుడూ పేర్లిచ్చాం. అతను ఎలిమెంటరీ స్కూలు పంతులు. దేవుడిమీద, శకునాలమీద, కులంమీద నేను ఊళ్లో పెట్టుకున్న వాదాలన్నిటిలో నా పక్కన నిలబడ్డవాడు అతనొక్కడే. మిగిలినవాళ్లు నేను ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాళ్లు. కొండ కింద కూర్చుని దేవుడు లేడనేవాడికి ఒక్క స్నేహితుడు మిగలడం ఎంత పెద్ద సంగతో అప్పట్లో నాకు తెలియదు.

మా ఇద్దరికీ కలిపి ఒకటే పంపు, పంచరు వేసే సామాను ఒకటే. రెండూ నా దగ్గరే ఉంచుకున్నాను. ఎవరికి పంచరైనా రెండోవాడు ఆగాలనుకున్నాం. ఇంకొక ఒప్పందం కూడా చేసుకున్నాం. మావైపు ఏ బండి బయల్దేరినా చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించాల్సిందే. జట్కాకైనా, బస్సుకైనా, సైకిలుకైనా అంతే. మేమిద్దరం ఆ పని చేయకుండా బయల్దేరి క్షేమంగా చేరి, ఊరికి చూపించాలని నిశ్చయించుకున్నాం.

పందెంరోజు పొద్దున చంద్రగిరి దగ్గర సైకిళ్లన్నీ పసుపు కుంకుమలతో పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. సంఘం పెద్ద ఒకాయన బుట్టలో నిమ్మకాయలు పట్టుకుని చక్రం చక్రానికీ పెడుతున్నాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు వద్దన్నాను.

"నీకు వద్దంటే వద్దులేప్పా. సైకిలేం పాపం సేసింది?" అన్నాడాయన.

అందరూ నవ్వారు. దీటుగా ఒక జవాబు సిద్ధం చేసుకుని, బలానికి నా స్నేహితుడి వైపు తిరిగాను. అతని ముందు చక్రం కింద పచ్చగా నిమ్మకాయ ఉంది. అతను నా ముఖం చూడలేదు.

"మాయమ్మ తెల్లార్నించి నీళ్లు గూడా ముట్టలేదప్పా. ఒక్క కాయే గదా," అన్నాడు.

ఆ 'ఒక్క కాయే' నన్ను మండించింది. తల్లి పస్తుకు లొంగినవాడు రేపు దేనికి లొంగడు? ఈల వేశారు, కాయలు చితికాయి, బయల్దేరాం.

ఏట్లో నీళ్లు సన్నగా ఒక వారగా పారుతున్నాయి, మిగిలిందంతా ఇసుక. నాలుగడుగులు తొక్కేసరికి చక్రం కూరుకుపోయేది. దిగి భుజానికెత్తుకుంటే కడ్డీ ఎముకలోకి దిగినట్టుండేది. నా స్నేహితుడు నాకంటే బలంగలవాడు, నన్ను దాటి వెళ్లిపోయాడు. ఏరు దాటాక, కంచెకోసం తుమ్మకంప కొట్టి పడేసిన ఒక గట్టుమీద అతను కనిపించాడు. తుమ్మముల్లు దిగి ముందు చక్రం నేలకు అంటుకుపోయింది. అతను కేకేయలేదు. పంపు నా సైకిలుకే ఉందని ఇద్దరికీ తెలుసు. చెయ్యి మాత్రం పైకెత్తాడు.

నా కాళ్లు వాటంతటవే తొక్కడం తగ్గించాయి. దిగబోయాను కూడా. అంతలో నోరు ముందుకు వచ్చింది.

"పంపుకు నన్నెందుకు సూస్తావప్పా? తొక్కించినావే, ఆ నిమ్మకాయనడుగు."

అని, తొక్కుకుంటూ వెళ్లిపోయాను.

ఆ తరువాత దారంతా ఒంటరిని. ముందువాళ్లు చెరకు వెనక మాయమయ్యారు. వెనక్కి తిరిగి చూస్తే గట్టు మలుపు తిరిగిపోయింది, ఎవరూ కనిపించలేదు. ఆకుల రాపిడి తప్ప చప్పుడు లేదు. నేను లోపల ఉపన్యాసం కట్టుకుంటున్నాను. నిమ్మకాయ తొక్కించినవాడికి పంచరు, తొక్కించనివాడు క్షేమం. ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఇది వాదమేనా అని ఆపి అడిగే మనిషిని గట్టుమీద వదిలేసి వచ్చాను.

అయిదోవాణ్ణిగా చేరాను. గెలుపు నాకు అక్కర్లేదు. అక్కడున్న రాతిమీదికెక్కి, జరిగిందంతా చెప్పి, మీ నిమ్మకాయ శక్తి చూశారా అని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు తలలు దించుకున్నారు. బుట్ట పెద్దాయన మాత్రం తొణకలేదు.

"అయితే ఆ కాయ కుళ్లుదై ఉంటాది. మళ్లీసారి మంచిది పెడతాలే," అన్నాడు.

ఆయన మూఢత్వానికి నవ్వాను. ఆయన లెక్కా నా లెక్కా ఒకటేనని నాకు తోచలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక నా స్నేహితుడు సైకిలు భుజాన మోసుకుంటూ వచ్చాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి రక్తం మరకైంది. గీత దాటేదాకా దించలేదు. నా ఉపన్యాసం సంగతి ఎవరో అతనికి చెప్పారు. అతను నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"నిమ్మకాయ ఎవురు తొక్కించినారో ముల్లుకు యాడ తెలుస్తాదప్పా? నా సక్రం ఆ ముల్లు మీద ఎక్కింది, నీది ఎక్కలేదు. ఇట్ల ఆలోసించేది నాకు నేర్పించింది నువ్వే."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఎదుర్కోవడం నాకు చేతనవును. క్షమించమనడానికి బదులు, ముందు ఒప్పందం తప్పింది నువ్వేనన్నాను.

"ఔ, తప్పినా. నువ్వు గూడా తప్పినావు," అన్నాడు.

పంపు తీసి ఇవ్వబోయాను. ఇల్లు దగ్గరే, నడిచిపోతానన్నాడు.

కొన్ని వారాల తరువాత, ఒక సాయంత్రం మా పఠనమందిరంలో శకునాలమీద నా ప్రసంగం పెట్టారు. అతను వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఒకటి జరిగిన తరువాత ఇంకొకటి జరిగితే మొదటిదే రెండోదానికి కారణమనుకోవడం మూఢత్వానికి వేరు అన్నాను. అనగానే చూపు ఆ బెంచీమీదికి పోయింది. అతను బుద్ధిగా వింటున్నాడు. ఎత్తిపొడిచే చూపు కూడా లేదు. ఆ మాటకు అన్నిటికంటే మంచి ఉదాహరణ నా దగ్గరే ఉంది, నా నోటితోనే చెప్పాలి. చెప్పడానికి ఊపిరి కూడా పీల్చుకున్నాను. కానీ దారికడ్డం వచ్చిన పిల్లి కథ ఎత్తుకున్నాను.

పిల్లి కథకు జనం బాగా నవ్వారు, చప్పట్లు కొట్టారు. వేదిక దిగి, నలుగురిని తప్పించుకుని బయటికి వచ్చేసరికి అతను వెళ్లిపోయాడు. గోడకు నా సైకిలు ఒక్కటే ఆనించి ఉంది.