నాయనమ్మ తోమిన సాక్సోఫోన్

నా మనవరాలు బడి నుంచి అద్దెకు తెచ్చిన సాక్సోఫోన్ పెట్టె తెరిచిందంటే అరబ్బు దేశంలో, రోలా అనే పేటలోని మా ఇరుకింట్లో ఇత్తడి, తడి తోలు, ఎంగిలి కలిసిన వాసన కమ్ముతుంది. ఆసుపత్రి డ్యూటీ నుంచి వచ్చిన నా కూతురు ముక్కు మూసుకుంటుంది గానీ, మొగుణ్ణి మట్టిలో పెట్టి ఈ దేశం చేరిన నాకు ఆ వాసనంటే మా నాన్నే.

రేపల్లె పక్కన మా పేటలో పెళ్ళి బ్యాండుకి సాక్సోఫోన్ ఊదుతూ ముందు నడిచేది ఆయన. ఆ బూర, బెల్జియం పాదిరిగారు స్వదేశానికి వెళ్ళిపోతూ ఇచ్చింది. ఆ దేశంలో కంచరివాళ్ళు బిందెలు మానేసి బూరలే చేస్తారనీ, దీన్ని కనిపెట్టినవాడు పసితనంలో సూది మింగి కూడా బతికాడనీ నాన్న చెబుతుంటే, మామిడి టెంకలు చీకే, బొప్పాయి కాడలు బూరలుగా ఊదే పిల్లలం నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం.

"సూది మింగినోడు చేశాడు గనకేరా దీనికిన్ని బొక్కలు!" అనేది నాయనమ్మ.

ఇత్తడి నల్లబడితే ఆమెకి అన్నం సహించదు. ఒకసారి ఊరి ప్రెసిడెంటుగారింట్లో పెళ్ళి. సాయంత్రం ఊరేగింపుందని నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, ఆమె గంగాళంతో పాటు బూరనీ చింతపండు, బూడిద వేసి తోమి, తొట్లో ముంచి, బోర్లించి ఎండబెట్టింది. బంగారంలా మెరిసింది. బొక్కల్ని మూసే తోలు బిళ్ళలు మాత్రం ఉబ్బి అతుక్కుపోయాయి. ఏ మీట నొక్కినా ఒకటే మోత: భోం!

"నన్ను చంపేశావే అమ్మా! నా చోటు యోహానుగాడిదైపోద్ది!"

"తోమితే చచ్చేదేంట్రా? మీ బెల్జియమోళ్ళు గిన్నెలు కడుక్కోరా?"

క్లారినెట్ యోహాను ఆ ముందు చోటు కోసం ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు. దారిలేక నాన్న అతని వెనక నిలబడి, సన్నాయి వెనక ఒకే శ్రుతి పట్టే ఒత్తు మనిషిలా, ఆ ఒక్క స్వరమే ఊదుతూ నడిచాడు. దారి పక్క గేదెలు బదులు పలికాయి. యోహానుకి నవ్వాగక పాట తెగింది గానీ, నాన్న భోం తెగలేదు. పెళ్ళికొడుకు తాత కర్ర ఊపుతూ కేకేశాడు.

"ఒరే యోహానూ, అడ్డు లేరా! ఆ నిండు గొంతాయన్ని ముందుకి రానీ!"

నాన్న బుగ్గలు పగిలేలా ఊదుతూ మళ్ళీ ముందుకొచ్చాడు. తర్వాత కొత్త బిళ్ళలు వేయించి ఎన్ని పాటలు వాయించినా, ప్రతి పెళ్ళిలోనూ జనం అడిగింది ఆ గేదె స్వరమే.

ఇక్కడ మావాళ్ళ పెళ్ళిళ్ళలో ఫోనుకి స్పీకరు డబ్బా తగిలించి పాటలు పెడతారు. మొన్నొక పెళ్ళిలో మధ్యలో ఛార్జింగ్ అయిపోతే "ఖలాస్" అంటూ అందరూ బిర్యానీ మీదకి లేచిపోయారు. ఒక్క స్వరంతోనైనా సరే, పెళ్ళిని వాకిలిదాకా చేర్చే మనిషి ఆ హాల్లో లేడు.