నేత పెద్దాయన ఒక్కపొద్దు

నేను మందుల చీటీలు రాయడం తగ్గించి ప్రతిపక్షంలో చేరినప్పుడు నా భార్య ఒకటే అడిగింది: "పేషెంట్లైతే నీ మాట ఇంటరు. జనం ఇంటరా?" వినరని ఆ ఎండాకాలమే తెలిసింది.

మా నేతపని ఊరి ఆసుపత్రిలో కాన్పులు చేసే లేడీ డాక్టరు లేదు. నొప్పులొస్తే కరీంనగర్ బస్సెక్కాల్సిందే. ఓ నేత పెద్దాయన కోడలు ఆ బస్సులోనే ప్రాణం విడిచింది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ సర్కారు అడిగినా పెట్టలేదు. ఒళ్లుమండి తాసిల్దారు ఆఫీసు ముందు షామియానా వేసి నిరాహారదీక్షకు కూర్చున్నాను. ఎవరూ పిలవకుండానే ఆ పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. సాయంత్రం దాకా దీక్ష విడవకుంటే కలెక్టరే వచ్చి, డాక్టరును వేస్తానని అందరి ముందూ మాటిస్తాడట. నా నీరసం సగం పోయింది. పెద్దాయనకు చెబుదామని తిరిగితే ఆయన ఒరిగిపోయి ఉన్నాడు.

నాడి వేలికి సరిగా అందలేదు. చేతిమీద చర్మం పట్టి వదిలితే మడత అట్లాగే నిలబడింది. నాలుక అట్టలా ఎండిపోయింది. నీళ్లు తాగే మనిషి మూడు రోజులకు ఇలా కాడు.

"నీళ్లు తాగుతలేవా పెద్దయ్యా?"

"ఒక్కపొద్దున్నోడు నీళ్లు ముడుతడా సారూ? పుక్కిలించి ఊంచుతున్న."

దీక్షలో నీళ్లు తాగొచ్చని ఆయనకు తెలియదు. ఆయన పట్టింది చనిపోయిన కోడలి పేరుమీద మొక్కుకున్న ఉపవాసం. నాకు భయం పట్టుకుంది. ఆ ఎండలో ఇంకో పూట ఆగితే మనిషి దక్కడు. నిమ్మరసం అందిస్తే పెదవులు బిగించాడు. ఆసుపత్రికి తీసుకుపోతే సూది పీకేస్తానన్నాడు.

"నువ్వు వట్టిన ఒక్కపొద్దు ఇది. నువ్వు ఇడువకుంట నేనెట్ల ఇడుస్త? నా కోడలు పిల్లకు ఈ పుణ్యం ముట్టది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను తాగితే కలెక్టరు రాడు. రేపు ఇంకో ఆడబిడ్డ అదే బస్సెక్కుతుంది. తాగకపోతే ఈయన నా పక్కనే పోతాడు. మా పార్టీవాళ్లు కళ్లతోనే వద్దంటున్నారు. గ్లాసెత్తి గటగటా తాగేశాను. రెండో గ్లాసు ఆయన పెదవులకు ఆనించాను. ఈసారి నోరు తెరిచాడు.

కలెక్టరు రాలేదు. లేడీ డాక్టరు రావడానికి ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో బస్సెక్కిన ఆడవాళ్లు ఇప్పటికీ గుర్తొస్తారు.

తర్వాతి ఎన్నికల్లో నేను నిలబడితే ఎదుటి పార్టీకి ఉపన్యాసాలే అక్కర్లేకపోయాయి. "మూడు పొద్దులకే రసం తాగినోడు" అంటే చాలు. దానికి సాక్ష్యం ఎవరనుకున్నారు? పెద్దాయనే. ఓట్లడగడానికి ఆయన వాకిట్లోకి పోతే, నలుగురూ వినేట్టు అన్నాడు.

"అబద్ధమెందుకు? సారు మొదలు తాగిండు. ఎన్కనే నేను తాగిన."

పట్టరాని కోపమొచ్చింది. అయితే ఆ గొంతు ఖంగున మోగుతోంది.

"నాలుక చూపియ్యి" అన్నాను.

చూపించాడు. తడిగా ఉంది. ఇక ఆయన్ను ఓటు అడగలేదు.