కోతకాల పండుగకు నేను మోసిన పంట

తారానగర్ వైపు నుంచి వచ్చే బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన అంజూర పొట్లం ఈ ఏడు కూడా వచ్చింది. విప్పగానే పాత బెల్లమూ ఎండిన చొప్పా కలిసినట్టుండే వాసన బళ్ళారిలోని మా రెండు గదుల ఇంటి నిండా పరుచుకుంది. మా ఆయన రెండు పండ్లు నోట్లో వేసుకుని, "మీ ఎస్తేరు చేతిలో ఏముందో గానీ, ఎంత బాగుండాయో" అన్నాడు. పొద్దున్నే నాకు ఒళ్ళు మండింది. ముప్పై దాటినదాన్ని, బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, అయినా ఆ పొట్లం చూస్తే పదేళ్ళ పిల్లకు పుట్టే కుళ్ళే నాకు ఇప్పటికీ పుడుతుంది.

ఎస్తేరు మా పెదనాయన కూతురు, నాకంటే కొన్ని నెలలు పెద్దది. సండూరు రోడ్డు పక్కన మా నాయనదీ పెదనాయనదీ పొలాలు ఒకే గట్టుకు అటొకటి ఇటొకటి ఉండేవి, రెండింటిలోనూ జొన్నే వేసేవాళ్ళు. చలికాలం చివర కంకులు పాలు పోసుకునేటప్పుడు గట్టు మీద కంపమంట వేసి, కంకులు కాల్చి, గోనెపట్ట మీద నలిపి, ఊదితే పొట్టు ఎగిరిపోయి పచ్చగా మెరిసే ఊచబియ్యం చేతిలో మిగిలేది. వెల్లుల్లి కారం ఒక పక్క, బెల్లం ముక్క ఒక పక్క పెట్టుకుని మేమిద్దరం మూతులు నల్లగా చేసుకుని తినేవాళ్ళం. చొప్పబెండ్లతో ఎద్దులబండి చేసేవాళ్ళం, దాని చక్రాలు ఎప్పుడూ ఎస్తేరు చేసినవే సరిగ్గా తిరిగేవి. అప్పుడే మొదలయిందనుకుంటాను నా కడుపుమంట.

మాది పాత మిషను నాటి సంఘం. ఏటా జొన్నకోతలు అయినాక చర్చిలో కోతకాల పండుగ చేసేవాళ్ళు. ఇంటికొక బిడ్డ ఆ ఇంటి తొలిపంటను మోసుకుని, కీర్తన పాడుతున్న జనం మధ్యగా నడిచిపోయి, దేవుని బల్ల మీద పెట్టాలి. గుమ్మడికాయలు, అనపగింజలు, మిరపకాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు, నూనె కారే చెనక్కాయ ఉండలు, అన్నీ ఆ బల్ల మీద కుప్పపడేవి. ఆరాధన అయినాక చెట్టుకింద వేలంపాట. నెత్తిన కొత్త రిబ్బను కట్టుకుని, మా జొన్నకంకుల కట్టను ఎదకు ఆనించుకుని నడిచే ఆ కాసేపు నేనే ఆ ఊరికి రాణిని. మా అవ్వకు ఒక పట్టుదల ఉండేది. "కొన్న పండ్లు మోసేదానికి సంత ఉండాది, చర్చికి ఏంటికి? మన నేల ఏమిచ్చిందో అదే మోయల్ల" అనేది.

ఆ రోజుల్లోనే లారీలు వచ్చాయి. రోడ్డు మీద తెల్లవార్లూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి నడిచేవి. కొండ మీది గనుల నుంచి దిగే ఎర్రదుమ్ము ఆరేసిన బట్టల మీదా, పెరుగు మీదా, అవ్వ తలవెంట్రుకల మీదా కూర్చునేది. గనులవాళ్ళు రోడ్డు పక్క నేల ఉన్నవాళ్ళందరినీ ఇనుప ఖనిజం కుప్పలు పోసుకోవడానికి బాడుగకు ఇమ్మని అడిగేవాళ్ళు. సరిగ్గా ఆ నెలల్లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం జీపు కూడా మా ఊరికి వచ్చింది. అందులోంచి కాటన్ చీర, మగవాళ్ళ బూట్లు వేసుకున్న కన్నడ మేడం ఒకామె దిగింది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఆమె మొదట దిగింది మా పొలంలోనే. వంగి గుప్పెడు మట్టి తీసుకుని, నలిపి, వాసన చూసి, "ఈ మణ్ణు బహళ చెన్నాగిదె అప్పా, బలే మంచి మన్ను, నీళ్ళు నిలవవు. అంజూరకు ఇట్లాంటి నేలే కావాల. అంట్లు మేమే ఇస్తాం, డ్రిప్పు మేమే వేస్తాం" అంది.

మా నాయన తల గోక్కున్నాడు. "కాపు వచ్చేదాకా రెండేండ్లు యాడ కాసుకోని కూచునేది మేడం? లారీలు రోడ్డు మీదనే నిలబడుకోని ఉండాయి. మా అన్నను అడుగుపోండి."

మేడం గట్టు దాటింది. మా పెదనాయనకు ఎవరినైనా కాదనడం చేతకాదు, అందుకే ఒప్పుకున్నాడని అమ్మ చాలాకాలం ఎగతాళి చేసేది. ఆయన పొలంలో తెల్లటి బోర్డు లేచింది, దాని మీద విశ్వవిద్యాలయం ముద్ర, కింద కన్నడ అక్షరాల్లో పెదనాయన పేరు. మా పొలంలో ఎర్రటి కుప్పలు లేచాయి.

మొదటి ఏడాది కుళ్ళుకునే వంతు ఎస్తేరుది. మా ఇంటికి టీవీ వచ్చింది, నాయనకు మోటారుసైకిలు, నాకు నడిస్తే లైటు వెలిగే చెప్పులు. ఎస్తేరు గడప దగ్గర కూర్చుని టీవీ చూస్తుంటే, దుమ్ము పడుతుందనే వంకతో నేను తెర మీద గుడ్డ కప్పేదాన్ని. అయినా ఆ సుఖం నాకు ఎక్కువ రోజులు దక్కలేదు. జీపు ఆగిందంటే మేడం దిగీ దిగకముందే "ఎస్తేర్, ఎల్లి ఇద్దీయా?" అని, ఎక్కడున్నావంటూ పిలిచేది. దుమ్ము ఆపడానికి రోడ్డు వైపు వరసగా అవిసెచెట్లు పెట్టించింది. ఆకుల మీద దుమ్ము ఎలా కడగాలో, పాలు అంటి చేతులు దురద పెట్టకుండా వేళ్ళకు గుడ్డ చుట్టుకుని పండు ఎలా తుంచాలో, ఎండబెట్టే తట్టెల మీద వల ఎలా కప్పాలో చూపించింది. ఎస్తేరు ఆ మాటలన్నీ బడిలో నా ముందు వల్లించేది. గరుకైన ఆ ఆకు వాసన దాని జడకు కూడా పట్టేసింది. నా జడలో ఎర్రదుమ్ము తప్ప ఏముంది? ఆ మేడం ఒక్కసారి నా పేరు అడిగి ఉంటే నా లైటు చెప్పులు ఆమె జీపులోనే వేసి పంపేదాన్ని. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. గట్టుకు అవతల ఉన్నది మన రక్తమే అయితే ఆ రుచి ఇంకా కాలుతుంది.

తొలికాపు పెదనాయన చేతికొచ్చిన ఏడు, కోతకాల పండుగకు మా ఇంట్లో మోయడానికి ఏమీ లేదు. అమ్మ బళ్ళారి నుంచి మెరుపు కాగితం చుట్టిన ఆపిలు పండ్లు తెప్పించింది. అప్పటికి సగం ఊరు అదే పని చేస్తోంది. అవ్వ ఆ బుట్ట వైపు చూడనైనా చూడలేదు. నాయనకు రోషం వచ్చింది. విసవిసా పొలానికి పోయి, కుప్పలోంచి నాలుగు నల్లెర్ర గడ్డలు ఏరి, కడిగి, ఇత్తడి పళ్ళెంలో పేర్చి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"మన నేల ఇచ్చింది ఇదే గదా పాపా. మొయ్యి."

ఆ బరువు ఇప్పటికీ నా మోచేతుల్లో ఉంది. నా ముందు ఎస్తేరు, అరిటాకులో ఊదారంగు అంజూర పండ్లు, కొన్ని పగిలి లోపలి ఎరుపు కనిపిస్తోంది, జనం కీర్తన ఆపి మరీ ఆ వాసన పీలుస్తున్నారు. వెనక నేను, అడుగడుక్కీ పళ్ళెం కిందికి జారుతుంటే పొట్టకు ఆనించుకుని, తెల్ల గౌను మీద ఎర్రటి చార పడుతుంటే చూసుకుంటూ. పాస్టరయ్య పళ్ళెం అందుకుని, చేతులు దిగబడేసరికి ఉలిక్కిపడి, గుమ్మడికాయలకు చేసే ప్రార్థనే దానికీ చేశాడు. తర్వాత దాన్ని ఎస్తేరు పండ్ల పక్కనే పెట్టాడు. ఇంకెక్కడైనా పెట్టి ఉండకూడదా అని నేను దేవుణ్ణే అడిగాను.

మా సంఘంలో దేవుని బల్ల మీద పెట్టింది పెట్టినవాళ్ళ ఇంటికి తిరిగి పోకూడదు, ఎవరో ఒకరు పాడుకోవాల్సిందే. అంజూర పండ్లకు పోటీ పడ్డారు. చివరికి పట్టుబట్టి పాడుకున్నది మా నాయనే. తర్వాత సంఘపెద్ద మా పళ్ళెం ఎత్తి చూపించాడు. ఎవరూ పాడలేదు. వెనక ఎవడో "లారీని పిలవండప్పా" అంటే నవ్వులు లేచాయి. అప్పుడు పెదనాయన లేచి, నెత్తిన తువ్వాలు సర్దుకుని, "నేను పాడతాండా. మా తమ్ముని పంట గదా" అన్నాడు. ఎవరూ పోటీకి రాలేదు. గడ్డలు పెదనాయన ఇంటికి పోయాయి, పండ్లు మా ఇంటికి వచ్చాయి. తినకూడదనుకుంటూనే ఒకటి తిన్నాను. అంత తియ్యగా ఉన్నందుకు ఏడ్చాను.

గనులు ఆగిపోయినప్పుడు లారీలు ఎలా వచ్చాయో అలాగే పోయాయి. కుప్పలు ఎత్తేశాక మా నేల సిమెంటులా గట్టిపడి ఉంది. మేడం మళ్ళీ వచ్చి మట్టి తీసుకుంది, ఈసారి వాసన చూడలేదు. చెరువుమట్టి తోలి, పచ్చిరొట్టకు జీలుగ వేసి దున్ని, ఏళ్ళ తరబడి కాసుకోవాలని మెల్లగా చెప్పింది. నాయనకు ఓపికా లేదు, ఆధారమూ లేదు. పెదనాయన పొలం చివర విశ్వవిద్యాలయం వాళ్ళు అంజూర ఎండబెట్టే షెడ్డు వేయించి, పని పోయిన ఇళ్ళ ఆడవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. లారీ క్లీనర్లుగా తిరిగినవాళ్ళు అంట్లు కట్టడం నేర్చుకున్నారు. మా అమ్మ అక్కడ తట్టెలు తిప్పేది, నాయన పండ్ల పెట్టెలు ఆటోలో వేసుకుని బళ్ళారి మార్కెట్టుకు తోలేవాడు. సంతోషంగానే తోలేవాడు. అదే నాకు ఎక్కడలేని మంట తెప్పించింది. నేల సరే, నాయన కూడా వాళ్ళవాడయ్యాడు.

ఈసారి పొట్లం ఖాళీ అయిన వారానికి ఊరికి పోయాను. అవ్వ లేదు, పెదనాయన లేడు, నాయనా లేడు. జొన్న వేసేవాళ్ళూ లేరు, ఊచబియ్యం అంటే ఎస్తేరు పిల్లలకు తెలియదు. చర్చిలో వేలంపాట పోయి కానుక డబ్బులకు కవర్లు పంచుతున్నారు. మా పొలంలో కంప తప్ప ఏమీ మొలవలేదు. ఎస్తేరు షెడ్డు ముందు తట్టెల మీద వల కప్పి ఉంది, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు నల్లెర్ర గడ్డలు. చూడగానే గుర్తుపట్టాను. చేతులు వాటంతటవే మోచేతుల దగ్గర నొప్పెట్టాయి.

"ఒకటి నాకియ్యి" అన్నాను.

"నీకేంటికే? మా నాయన పాడుకోని తెచ్చింది" అంది ఎస్తేరు, పండ్లు తిప్పుతూ, తలెత్తకుండానే. "బల్ల మీద పెట్టింది పెట్టినోళ్ళింటికి తిరిగి పోగూడదు గదా."

మాట న్యాయమే. వేళ్ళకు గుడ్డ చుట్టుకుని దాని పక్కన కూర్చుని, పొద్దువాలేదాకా నేనూ పండ్లు తిప్పాను. మా నేల ఇచ్చిన చివరి పంట కూడా వాళ్ళ పండ్లకే కాపలా కాస్తోంది.