అక్క పిలిస్తే వచ్చిన పిట్టలు

నా చిన్నప్పుడు మా ఇంటికీ పక్కింటికీ నడుమ గోడ లేదు. కంప నాటి ఉండేది. అందులో ఒకచోట నాలాంటి పిల్ల దూరగలిగినంత సందు ఉండేది. ఆళ్లగడ్డకు దగ్గరలోని ఒక నల్లరేగడి పల్లె మాది. పొద్దున్నే ముఖం కడుక్కుని ఆ సందులోంచి పక్కింటి అక్క పెరట్లోకి పోవడం నాకు అలవాటు. అక్క మాకు చుట్టం కాదు. మేము చర్చికి పోయేవాళ్లం, వాళ్లు గుడికి పోయేవాళ్లు. అయినా సొంత అక్క ఉంటే ఇలాగే ఉంటుందని అనుకునేదాన్ని. అవుకు వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి ఆమె. ఊళ్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు కానీ, పిట్టలతో మాత్రం గంటలకొద్దీ మాట్లాడేది.

ఏ పిట్టకు ఏం పెట్టాలో నాకు నేర్పింది ఆమే. కొర్రచేలల్లో గుంపులుగా వాలే బుల్లి జీనువాయిలకు కొర్ర కంకులు కట్టగట్టి చూరుకు వేలాడదీసేది. పిచ్చుకలకు సజ్జ నూకలు చల్లేది. పికిలిపిట్ట గింజల వంక చూడదు. దానికి ముగ్గిన పండు కావాలి. అందుకని రేగుపండో, బొప్పాయి తొక్కో పెరటి వెనక గోడ మీద పెట్టేది. తేనెపిట్టకు మాత్రం మనం పెట్టగలిగింది ఏమీ లేదనీ, దానిమ్మ చెట్టును ఎండిపోనీకుండా కాపాడుకుంటే చాలనీ చెప్పేది. చిక్కుడు పాదు మీది పురుగులను నేను ఏరి పారేయబోతే చేయి పట్టుకుని ఆపింది ఒకసారి.

"వద్దు పాపా. గూట్లో పిల్లలకు గింజలు అరగవు. వాటికి పురుగే అన్నం."

ఉప్పు కలిసిన అన్నం పెట్టకూడదు, పాలు అసలే పోయకూడదు. నీళ్లు పెడితే లోతులేని మూకుట్లో పెట్టాలి, మునిగిపోకుండా నడుమ ఒక రాయి వేయాలి. ఇవన్నీ పాఠం చెప్పినట్టు చెప్పేది కాదు. తాను చేస్తూ ఉంటే నేను చూసేదాన్ని. అన్నీ సిద్ధం చేశాక నాలుకను అంగిలికి కొట్టి చిన్న శబ్దం చేసేది. ఎక్కడెక్కడి నుంచో పిట్టలు వచ్చి వాలేవి. నేను ఎన్నిసార్లు ఆ శబ్దం చేసినా ఒక్కటీ వచ్చేది కాదు. ఆమె పిలిస్తేనే వచ్చేవి.

ఒక ఏడు మొదటి వానకు ఊరంతా సంబరంగా విత్తనాలు వేశారు. అక్కావాళ్లు కౌలుకు చేస్తున్న చేలో జొన్న వేశారు. ఆ విత్తనాలకు పురుగు పట్టకుండా ఏదో మందుపొడి కలిపి ఉండేది. గింజలు గులాబీ రంగులో మిఠాయిల్లాగా కనిపించేవి. వేయగా మిగిలినవి గోతంలో కట్టి, పిల్లలకు అందకుండా అటక మీద పెట్టారు. ఆ తర్వాత వాన మళ్లీ మా వైపు చూడలేదు. మొలకలు బెత్తెడు లేచి మాడిపోయాయి. కుందూ ఏట్లో నీళ్లు అడుగంటాయి. బావుల్లో బొక్కెన వేస్తే రాయి చప్పుడు వినిపించేది. మా ఇంట్లో నాయనకు వేరే పని ఉండబట్టి ఒక పూట సంగటి, ఒక పూట గంజి దొరికేది. అక్క భర్త బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల్లో కూలికి పోయాడు. అక్క, నడక నేర్చిన కొడుకు, వాడికంటే కొంచెం పెద్దదైన కూతురు ఇంట్లో మిగిలారు. భర్త నుంచి ఏ కబురూ రాలేదు.

అక్క ఎవరినీ అడిగే మనిషి కాదు. చూరుకు వేలాడే కొర్ర కంకులు ఒక్కొక్కటే దిగి పొయ్యి మీదికి ఎక్కాయి. ఆ కంకులు విప్పుతున్నప్పుడు ఆమె పిట్టల వైపు చూడలేక తల వంచుకుని ఉండడం నాకు గుర్తుంది. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి, ఏడవడం కూడా మానేశాక, ఆమె అటక మీది గోతం దించింది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ గింజలను బానలో పోసి కడిగింది. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. పారబోసి మళ్లీ కడిగింది. దూరం నుంచి మోసుకొచ్చిన నీళ్లు అవి. రంగు పోయి గింజ తెల్లగా బయటపడే దాకా అరచేతులతో రుద్ది రుద్ది కడిగింది. రంగు పోతే మందు పోయినట్టేనని ఆమె అనుకుంది. ఊళ్లో ఎవరిని అడిగినా అదే మాట చెప్పి ఉండేవాళ్లేమో. చాప పరిచి ఎండబోసింది. కాస్త ఆరాక గుప్పెళ్లతో తీసి విసుర్రాయిలో పోసి విసరడం మొదలుపెట్టింది. లోపల పొయ్యి మీద ఎసరు కాగుతోంది. పిల్లలిద్దరూ గడపలో కూర్చుని పిండి వైపే చూస్తున్నారు.

ఎండబోసిన గింజల దగ్గరికి పిట్టలు రాకుండా అదిలించడం ఎక్కడైనా ఆడవాళ్లు చేసే పని. అక్క మాత్రం విసరడం ఆపి లేచి, చాప మీది నుంచి గుప్పెడు గింజలు తీసి పెరట్లో చల్లింది.

"కరువులో అవి మాత్రం ఏం తింటాయి? కంకులు దించినప్పటి నుంచి నన్ను చూస్తానే ఉండాయి" అంది నాతో.

నాలుకతో ఆ శబ్దం చేసింది. పిచ్చుకలు వచ్చాయి. వాటి వెనక జీనువాయిలు వచ్చాయి. చాలా రోజుల తర్వాత వాటి కిచకిచలు విని అక్క కూతురు చప్పట్లు కొట్టింది. అక్క ముఖంలో నవ్వు చూడడం నాకు అదే ఆఖరు.

ముందు ఒక పిచ్చుక ఎగరబోయి పక్కకు ఒరిగింది. ఎండదెబ్బ అనుకుని అక్క దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు మీద నీళ్లు చిలకరించింది. అంతలో గోడ మీద కూర్చున్నవి రాలాయి. జీనువాయిలు గింజల మధ్యలోనే రెక్కలు విప్పి, కాళ్లు కొట్టుకుని, ఆగిపోయాయి. అక్క చేతిలో ఉన్నదాన్ని చూసింది, నేల మీద ఉన్నవాటిని చూసింది, తర్వాత విసుర్రాయిని చూసింది. గడపలో పిల్లవాడు అప్పుడే చేయి చాపి పిండిలో వేలు పెట్టబోతున్నాడు. అరుస్తూ పోయి వాడిని ఎత్తి అవతల పడేసింది. వాడి నోట్లో వేళ్లు పెట్టి చూసింది. ఏమీ లేదు. పొయ్యి మీది ఎసరు కూడా పారబోసింది.

అరుపుకి మా జేజి, నాయన వాళ్లమ్మ, వచ్చింది. ఇంకొందరు వచ్చారు. పెరట్లో గుంట తవ్వి గింజలూ పిండీ అందులో పోసి పూడ్చారు. పిట్టలను మాత్రం అక్క ఎవరినీ తాకనివ్వలేదు. తానే ఒక్కొక్కటి ఏరి ఒళ్లో వేసుకుంది. అంత చిన్న పిట్టలకు కూడా బరువు ఉంటుందని ఆమె కొంగు సాగినప్పుడు నాకు తెలిసింది. ఆ పూట మా జేజి మా గంజి కుండలో సగం తీసుకుపోయి ఆ పిల్లలకు తాపింది.

అందరూ ఒకటే మాట అన్నారు. పిట్టలే పిల్లలను కాపాడినాయన్నారు. మా జేజి భక్తిపరురాలు. అక్క పక్కన కూర్చుని ఓదార్పుగా, "దేవుడే వాటిని పంపినాడమ్మా. నీ బిడ్డల కోసరం ప్రాణమిచ్చినాయి. స్తోత్రం చెప్పుకో" అంది.

అక్క ఒళ్లోని పిట్టల రెక్కలు సర్దింది. తర్వాత తల ఎత్తకుండానే అంది.

"దేవుడు పంపల్యా జేజీ. నేను పిల్చినా. అవి కాపాడేకి రాల్యా. నన్ను నమ్మొచ్చినాయి, అంతే."

మా జేజి దగ్గర అన్నిటికీ ఒక బైబిలు వాక్యం ఉండేది. ఆ రోజు మాత్రం జారిపోతున్న అక్క కొంగు కింద తన చేయి పట్టింది.

ఆ తర్వాత మిగిలిన పిట్టలు ఏవో ఆ పెరటి గోడ మీద వాలి ఎదురు చూసేవి. అక్క రాయి తీసి వాటిని తోలేది. మూకుడు బోర్లించేసింది. దానిమ్మ చెట్టుకు నీళ్లు పోయలేదు. పోయడానికి నీళ్లూ లేవనుకోండి. కొన్నాళ్లకు పిట్టలు రావడం మానేశాయి. "శాపం తగిలి యాగంటి గుడికి కాకులు రావంటారే, మా ఇంటికి పిట్టలే రావు ఇంక" అంది నాతో ఒక రోజు. అందులో ఎకసెక్కెం లేదు, కన్నీళ్లూ లేవు. ఒక రోజు ఆమె పిల్లలను తీసుకుని భర్తను వెతుక్కుంటూ పోయింది. నేను బడి నుంచి వచ్చేసరికి తలుపుకు తాళం ఉంది. వాళ్లు తిరిగి రాలేదు. ఖాళీ ఇంటి మిద్దె కూలింది.

నేను నర్సు చదువు చదువుతున్న రోజుల్లో ఆళ్లగడ్డ బస్టాండులో ఆమెను చూశాను. చాగలమర్రి బస్సు కోసం నిలబడి ఉంది. రాతి దుమ్ముతో దగ్గుతూ ఉంది. భర్త చనిపోయాడట. పిల్లలిద్దరూ గనిలోనే పని చేస్తున్నారట. నన్ను గుర్తుపట్టి చేయి పట్టుకుంది. నా చదువు గురించి, పెళ్లి గురించి ఏమీ అడగలేదు.

"పిట్టలొస్తాండాయా పాపా, ఆడికి?"

ఆమెతో అబద్ధం చెప్పాలని నాకు అనిపించలేదు. "రావడం లేదక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. "రావులే" అంది. బస్సు వచ్చింది, ఎక్కి పోయింది. ఆ తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఇప్పుడు నేను నంద్యాలలో ఉంటున్నాను. ఉద్యోగం అయిపోయింది. ఇంటి వెనక కాస్త జాగా ఉంది. కొర్రలు ముందుగా నేను నోట్లో వేసుకుని నమిలి చూసి గానీ చల్లను. చుట్టూ మిద్దెలు లేచాయి, చేలల్లో మందు వాసన. వచ్చేవి తక్కువ. ఏ రోజైనా ఒక పిచ్చుక వచ్చి వాలితే మనవరాలు సంతోషంతో గెంతుతుంది. నేను మాత్రం అది తిని ఎగిరి, గోడ దాటి, కంటికి కనిపించనంత దూరం పోయేదాకా నిలబడి చూస్తాను. ఆస్పత్రిలో పనిచేసినన్నాళ్లూ అంతే. నేను చేయి చాపి మాత్ర ఇస్తే రోగి దాన్ని చూడకుండా నా ముఖమే చూస్తూ మింగేవాడు. అది నేను తెచ్చుకున్న మంచి పేరు అన్నారు నా తోటివాళ్లు. నాకు మాత్రం ప్రతిసారీ భయమే వేసింది. ఆ భయం ఇంతవరకూ పోలేదు, పోవాలని నేను కోరుకోవడమూ లేదు.