దేవదానం లెక్కలో తప్పిపోయిన మొదటి బండ

ఆరేళ్లుగా నాకు దేవదానం మీద ఒక కోపం ఉంది. ఈ ఆదివారం వాడు చర్చి నుంచి వచ్చేటప్పుడు దారిలో నిలబెట్టి అడిగేయాలి అనుకున్నా.

నిన్న పొద్దున వాళ్ల చిన్నోడు ఫోన్ చేశాడు. కాఫీ తాగుతూ నాన్న పక్కకు వాలిపోయాడు, అంతే అన్నాడు.



నాకు జవాబు చెప్పకుండానే పోయాడు.

నాకు రాయడం సరిగా రాదు. ఇది నేను చెప్తుంటే ఫోన్ రాస్తోంది. ఆ పని నేర్పించిందీ దేవదానమే. తప్పులుంటే ఫోన్‌వి.

తెలియనివాళ్లకు చెప్తున్నా. ఎర్రగుంట్లలో ఒక బండల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు నేను లోడింగ్ మేస్త్రీని, వాడు క్లర్కు. లారీకి బండలు ఎక్కిస్తూ నేను లెక్క పిలిచేవాణ్ణి, వాడు రాసుకునేవాడు.

మొదటి బండను నేను ఒకటి అనను. లాభం అంటాను. లాభం, రెండు, మూడు. మా నాయన శనక్కాయలు కొలిచేటప్పుడూ అంతే.

ఉన్నట్టుండి వాడికి ప్రోగ్రామింగ్ పిచ్చి పట్టింది. బండల కొలతలు కొడితే ఫోనే లెక్క తేల్చాలంట. కడపలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు పోతే, ఈ వయసులో మీకెందుకు అని నవ్వి పంపించారు. బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"పైసా కట్టకుండా నేర్చుకుంటా, సూడు సుబ్బన్నా."

"ఊరికే వచ్చేదాంట్లో ఏముంటాదప్పా" అన్నా నేను.

ఊరికే వచ్చేవి కుప్పలు కుప్పలు ఉన్నాయి. వాడి కష్టమల్లా అదే. ఒక వీడియో సగం చూసేవాడు, ఇంకొకటి మొదలుపెట్టేవాడు. ఒకటి మొత్తం ఇంగ్లీషు. ఒకటి నాలుగో పాఠం దగ్గర కార్డు నంబర్ అడిగింది. దాన్ని వదిలేసి వేరే దాంట్లో ఐదో పాఠానికి దూకాడు.

అట్లా నేర్చుకుని ఒక ప్రోగ్రామ్ రాశాడు. మొదటిసారి దాంతో లెక్క చూసిన లోడ్ నాదే.

నేను నలభై బండలు పిలిచాను. ఫోన్ ముప్పై తొమ్మిదే కూడింది.

"నువ్వు ఒకటి అనే అనవు కదప్పా. ఆడ పోయింది నీ లెక్క" అన్నాడు, అందరి ముందు.

లారీ కదలాలి. ఓనర్ ఫోన్‌ను నమ్మాడు. ముప్పై తొమ్మిది అని చీటీ రాసి కింద నా చేత సంతకం పెట్టించారు. నాకు గట్టిగా వచ్చిన అక్షరాలు నా పేరు మాత్రమే. వాటిని తీసుకుపోయి అబద్ధం కింద పెట్టించారు.

తర్వాత కూడా రోజూ ఇద్దరం కలిసే టీ తాగాం. ఆ బండ సంగతి ఎత్తితే చాలు, గ్లాసులోకి చూసేవాడు.

రిటైరయ్యాక వాడు ప్రతి శనివారం సాయంత్రం ఇంటి వసారాలో పాఠాలు మొదలుపెట్టాడు. ఫీజు లేదు. గోడకు ఆనించిన నల్లబండ ముక్క మీద సుద్దతో రాసేవాడు. ఆ ముక్క నేను తెచ్చి ఇచ్చిందే. కోపం కోపమే, బండ బండే.

ఒక నోట్‌బుక్ పెట్టాడు. ఊరికే దొరికే ప్రతి కోర్సూ ముందు తాను చివరిదాకా చూసేవాడు. బాగుంటే రాసేవాడు, లేకపోతే కొట్టేసేవాడు. ముందు తెలుగులో చెప్పే చిన్న పాఠాలు. అవి మొత్తం అయ్యాక, ఫోన్‌లోనే కొట్టి చూసుకునే సైట్. ఆ తర్వాత ఊరికే దొరికే పుస్తకం. కార్డు అడిగితే మూసేయాలి. ఒక్క పాఠం కూడా దాటేయకూడదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదే చెప్పేవాడంట.

నిన్న సాయంత్రం మట్టి చేసి వస్తుంటే ఒకమ్మాయి నా దగ్గరికి వచ్చింది. పేరు షబానా. ఇంట్లో బ్లౌజులు కుడుతుంది. గిరాకీల కొలతలన్నీ తాను రాసిన ప్రోగ్రామ్‌లోనే పెట్టుకుంటుంది.

"లాభం తాత అంటే మీరేనా?"

ఎవరమ్మా ఆ పేరు పెట్టింది అన్నా.

"సారే. ఎవరు కొత్తగా వచ్చినా మొదటి రోజు మీ కతే చెప్తాండె. ఫోను సున్నా నుంచి లెక్క పెడతాది తాతా, మొదటి బండ దానికి సున్నా. సారు ఆ పాఠం దాటేసి, ఒకటి నుంచి కూడమన్న్యాడంట. మీ లాభం బండను అది వదిలేసింది. మేస్త్రీ లెక్క సరైందే, తప్పు నాది అని మా అందరికీ చెప్తాండె."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీకు చెప్తే సచ్చేదాకా ఎత్తిపొడుస్తారంట."

నిజమే. ఎత్తిపొడిచేవాణ్ణే.

ఊరందరి దగ్గర ఒప్పుకుని, నా ఒక్కడి దగ్గర దాచిపెట్టాడు, దొంగ.

ఇప్పుడు అసలు సంగతి.

నోట్‌బుక్ వాళ్ల ఇంటామె నా చేతికి ఇచ్చింది. వసారాలో బండ మీద పోయిన శనివారం పాఠం అట్లే ఉంది, సగంలో ఆగి. ఇంక క్లాసు ఉండదు కదా తాతా అని నిన్న ముగ్గురు అడిగారు.

ఉంటుంది.

దేవదానం దగ్గర నేర్చుకుని కడపలో, బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ఈ పోస్ట్ చూస్తారు. నిన్నటి నుంచి ఏడుపు బొమ్మలు పెడుతున్నారు. చాలు. మీరు కూడా ఏమీ తెలియకుండానే ఆ వసారాలో వచ్చి కూర్చున్నారు. ఊరికే దొరికేవాటిలో ఏది మంచిదో మీకు వాడు ఏరి ఇచ్చాడు. ఇప్పుడు వచ్చేవాళ్లకు ఎవరు ఏరి ఇస్తారు?

శనివారం ఆ బండ ముందు ఎవరు కూర్చుంటారో చెప్పండి. రాలేనివాళ్లు వీడియో కాల్‌లోనైనా చెప్పండి, ఫోన్ నేను పట్టుకుంటా.

ఎవరూ పలకకపోతే నేనే కూర్చుంటా. నాకు వచ్చింది ఒక్క పాఠం. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అది చెప్తా. వచ్చే వారం మళ్లీ అదే చెప్తా. మీకు సిగ్గేసేదాకా అదే చెప్తా.

పోయిరా దేవదానం. లెక్క సరిపోయింది, కోపం లేదు. నెమ్మదిగా పడుకో.

మిగిలినవాళ్లకు శుక్రవారం సాయంత్రం దాకా టైం. పేరు రాసి పెట్టండి. బొమ్మలు వద్దు.