తెర మీద కామ్‌షింగ్ పటం

సినిమా ఇంకా మొదలవనే లేదు, మినీబస్సు డ్రైవరు టో కామ్‌షింగ్ అప్పుడే బయటికి దారి ఎటో చూసుకుంటున్నాడు. పక్కన తొంభైకి దగ్గరపడ్డ తల్లి, పండక్కి వేసుకునే పట్టు చొక్కాలో ముస్తాబై కూర్చుంది.

మా షామ్ ష్వీ పో పేటలోని పాత ఫ్యాక్టరీ భవనంలో పుయ్‌యాన్ అనే అమ్మాయి, అందరూ మరిచిపోయిన కాంటనీస్ సినిమాలు వెతికి తెచ్చి వేస్తుంటుంది. నలభై ఏళ్ల నాటి ఈ గూండాల సినిమాకు సెట్టింగుల్లేవు. కత్తిపోట్లన్నీ మా పేట సందుల్లోనే, ఎవరినీ అడక్కుండా తీశారు. చెమట నిజం, మురుగు నిజం, కెమెరాను తిట్టిపోసిన చేపలావిడ నిజం. కుర్రకారు అందుకే ఎగబడతారు. తల్లి వచ్చింది మాత్రం ఒక్కందుకే: పోయిన భర్త చేప ఉండల బండితో అందులో ఓ క్షణం కనిపిస్తాడు.

కామ్‌షింగ్ భయం వేరు. చచ్చిన గూండా పటం కావాలని సినిమావాళ్లు అడిగితే అప్పట్లో తన ఫోటో ఇచ్చాడు. కీడు తగలకుండా వాళ్లు డబ్బు పెట్టి ఇచ్చే ఎర్ర కవరు పుచ్చుకున్నాడు. ఇంట్లో మాత్రం నోరు మెదపలేదు. బతికున్న కొడుకు పటానికి అగరొత్తులు వెలగడం చూస్తే ఈవిడ గుండె ఏమైపోతుందో!

"అమ్మా, నాన్న కనపడగానే వెళ్లిపోదాం. మెట్లెక్కి అలిసిపోయావు."

"లిఫ్టులో వచ్చాం కదరా!"

"ఏసీ కూడా ఎక్కువే..."

"నోరు మూసుకో. మీ నాన్నను చూడనీ."

చూసింది. వానలో, బండి మీద గొడుగు సరిచేసుకుంటూ ఆయన. ఆవిడ చెయ్యి గాల్లోకి లేచి అలాగే ఉండిపోయింది.

"ఎంత బక్కగా ఉన్నాడో. వేళకు తినమంటే వింటేనా!"

"ఇక పద."

"ఉండరా, మళ్లీ వస్తాడేమో."

వచ్చింది అంత్యక్రియల దృశ్యం. పొగ వెనక, తెల్లపూల మధ్య, తెర నిండా నవ్వుతూ కామ్‌షింగ్.

"ఛీ ఛీ! శుభం, శుభం!" కీడు పోవాలని ఆవిడ కుర్చీ చెక్కను టపటపా బాదింది. "నా కొడుకు బతికే ఉన్నాడు! లేవరా, వాళ్లకు కనపడు!"

"అమ్మా, అది సినిమా..."

"లే!"

లేచాడు. ప్రొజెక్టర్ వెలుగు వీపున పడింది.

"షింగ్ బాబాయ్, తెరకు అడ్డం!" అని పుయ్‌యాన్ వెనక నుంచి గుసగుసలాడింది.

"అటు తిరుగు. ఏదైనా మాట్లాడు," అంది తల్లి.

"బాగున్నానండీ," అన్నాడు హాలు మొత్తానికి. చప్పట్లు మోగాయి.

ఆ కాలపు సినిమాల్లో ఏడుపులు ఓ పట్టాన తెమలవు. తెమిలేదాకా ఆవిడ అతని చొక్కా అంచు పట్టుకునే ఉంది, కూర్చోనివ్వలేదు.